అడుగులేని పెట్టె

డైరెక్టర్ కోదండపాణి గారు నాయకత్వ శిబిరానికి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆ కేన్సర్ సంస్థకు ఏదో ఒకటి అంటుకునేది. ఒకసారి నవ్వు అంటుకుంది. రోజూ ఉదయం సిబ్బంది అంతా పోర్టికోలో నిలబడి, చేతులు పైకెత్తి బిగ్గరగా నవ్వాలి. రక్తపరీక్ష లైనులో ఉన్న రోగులు తమ రిపోర్టులు చూసే నవ్వుతున్నారనుకుని హడలిపోయారు. ఇంకోసారి మట్టి అంటుకుంది. నేలతల్లితో తెగిన అనుబంధాన్ని మళ్లీ కలుపుకోవడానికి గుమాస్తాలు మధ్యాహ్నం చెప్పులు విడిచి తోటలో నడవాలి. తోటమాలి గులాబీ కొమ్మలు కత్తిరించి దారిలోనే వదిలేసిన రోజున ఆ అనుబంధం మళ్లీ తెగింది.

ఈసారి మాత్రం ఆయన ఉత్తచేతులతో తిరిగొచ్చారు. శిబిరంలో ఉపన్యాసకుడికి గొంతు పోయిందట. తెచ్చుకున్న ఉత్సాహం అలాగే ఉంది, దాన్ని దించుకోవడానికి చోటు లేదు. సరిగ్గా ఆ వారమే నూకరత్నం సెమినార్ పడింది.

నూకరత్నం అండాశయ కేన్సర్ ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిని. జీడితోటల ఊరిది. ఒకే గదిలో రెండు తరగతులు నడిచే బడిలో చదువుకుంది. అక్కడ పక్క తరగతి పాఠం కూడా చెవిన పడుతూ ఉండేది కాబట్టి తక్కువ మాట్లాడి ఎక్కువ వినడం చిన్నప్పుడే అలవాటైంది. సెమినార్లంటే ఆమెకు గుబులు. మామూలుగా సమోసాల కోసం వచ్చేవాళ్లే తప్ప వినడానికి వచ్చేవాళ్లు ఉండరు, ఆ ధైర్యంతోనే ఎలాగో నెట్టుకొచ్చేది. ఆ రోజు మొదటి వరసలో డైరెక్టర్ గారు కూర్చున్నారు.

"సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పమ్మా," అన్నారాయన, తాను సామాన్యుణ్ణి కాననే ధీమాతో.

రత్నం గొంతు సవరించుకుంది. "ప్రతి కణం తలుపు మీదా ఒక పెట్టె ఉంటుందనుకోండి సార్. కణం పాడైపోయినా, దానివల్ల ఒంటికి పని లేకపోయినా, ఒళ్లు ఒక సంకేతం పంపుతుంది. అది వచ్చి ఆ పెట్టెలో పడుతుంది. పడగానే లోపల గంట మోగినట్టవుతుంది. ఇక ఆ కణం తనంతట తానే వెళ్లిపోతుంది. ఆ పెట్టె ఒక ప్రోటీన్ సార్. మరణ గ్రాహకం అంటాం."

"తనంతట తానే?"

"అవును సార్. చప్పుడు చెయ్యదు, చుట్టుపక్కల కణాలను ఇబ్బంది పెట్టదు. తన సామాను తానే చిన్న చిన్న మూటలు కట్టుకుని విడిపోతుంది. ఆ మూటల్ని పక్క కణాలు తినేస్తాయి."

డైరెక్టర్ గారి కళ్లు చెమర్చాయి. "మూటలు కూడా తనే కట్టుకుంటుందా?"

"అవును సార్."

"పెన్షన్ అడగదు?"

అది హాస్యమో కాదో రత్నానికి తెలియలేదు. "అడగదు సార్," అంది.

ఆయన లేచి నిలబడ్డారు. ఆయనతోపాటు ఇద్దరు ఉపసంచాలకులు లేచారు. వాళ్లు లేచారు కాబట్టి మిగతా హాలు లేచింది. "అద్భుతం! సృష్టిలో ఇంతకన్నా క్రమశిక్షణ గల ఉద్యోగి ఉంటాడా?" అంటూ ఆయన బయటికి నడిచారు. కేన్సర్ కణాలు ఆ సంకేతాన్ని ఎలా తప్పించుకుంటాయన్నది సెమినార్ రెండో సగం. అసలు విషయమంతా అందులోనే ఉంది. దాన్ని వినడానికి హాలులో మిగిలింది ఒక్కరే. ఆయన సమోసా ఇంకా పూర్తి కాలేదు.

ఆయన పేరు త్రివిక్రమం. స్వర్ణోత్సవ సంచిక సంఘానికి కన్వీనర్. సంస్థకు యాభై ఏళ్లు నిండి చాలా కాలమైంది, సంచిక మాత్రం ఇంకా రాలేదు. సంచిక తేవడానికి సంఘం ఉండాలి, సంచిక వచ్చేస్తే సంఘం ఉండదు. ఈ చిన్న సూక్ష్మం మీద త్రివిక్రమం గారు రిటైరయ్యాక కూడా కుర్చీ, కారు, ముగ్గురు గుమాస్తాలతో నిలబడి ఉన్నారు.

"ఆగిపోయావేం అమ్మాయ్, చెప్పు. కేన్సర్ కణం ఎలా తప్పించుకుంటుంది?" అన్నారు చేతులు తుడుచుకుంటూ.

అంత శ్రద్ధగా అడిగినవాళ్లు ఆమెకు అంతవరకు తగల్లేదు. రత్నం ముఖం వికసించింది. "చాలా రకాలుగా అండీ. కొన్ని కణాలు పెట్టెను తలుపు మీద నుంచి తీసి లోపల దాచేస్తాయి. కొన్ని లోపల అడ్డంకి పెడతాయి, గంట మోగినా ఆ మాట ముందుకు పోదు. కొన్నయితే ఉత్తుత్తి పెట్టెలు పెట్టుకుంటాయి. పైకి చూడ్డానికి అసలు పెట్టెలాగే ఉంటుంది, అడుగు మాత్రం ఉండదు. సంకేతం వచ్చి పడుతుంది, లోపలికి ఏమీ చేరదు."

"అడుగు ఉండదు," అని త్రివిక్రమం గారు నెమ్మదిగా అన్నారు, రుచి చూస్తున్నట్టు. "ఎంత తెలివి! మరి మంచి కణాలు ఈ పని ఎందుకు చెయ్యవు?"

"మంచివి కాబట్టి అండీ."

ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి ఆశీర్వదించి వెళ్లారు. తన చదువు ఒకరికైనా ఉపయోగపడిందని రత్నం ఆ రోజంతా సంతోషంగా ఉంది.

పక్షం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. "జీవశాస్త్ర సూత్రాలను పరిపాలనారంగానికి అన్వయించే దిశగా యావద్దేశంలోనే ప్రప్రథమ ప్రయత్నంగా, సంస్థాగత స్వీయ విరమణ విధానమును ఇందుమూలముగా ప్రవేశపెట్టడమైనది. ప్రతి విభాగమూ తన ద్వారమునకు వెలుపల ఒక గ్రాహక పేటికను అమర్చుకొనవలెను. నిరుపయోగమని తేలిన విభాగపు పేటికలో విరమణ బిళ్ల వేయబడును. బిళ్ల అందిన విభాగము ఎట్టి శబ్దమూ చేయక, ఎట్టి అభ్యర్థనలూ పెట్టక, తన సామగ్రిని తానే మూటలు గట్టుకొని, ఆరోగ్యవంతమైన కణము వలె అంతరించవలెను."

బిళ్ల ఇత్తడిది, అరచేతంత ఉంటుంది. దాని బరువుకు పెట్టె అడుగునున్న చెక్క నొక్కుకుని లోపల గంట మోగాలి. బిళ్లలు వేయడానికి విరమణ విభాగం అని ఒక కొత్త విభాగం పుట్టింది. దానికి ఒక అధికారి, ఒక సహాయాధికారి, బిళ్లలు మోయడానికి ఒక మనిషి. ఆ విభాగానికి మాత్రం పెట్టె అక్కర్లేదని ఉత్తర్వు చివర చిన్న అక్షరాల్లో ఉంది.

ప్రయోగశాల పెట్టెను రత్నమే దగ్గరుండి పెట్టించింది. ప్రయోగశాల అధిపతి డాక్టర్ హైమావతి. సర్వీసులో ఒక్క ఉత్తర్వునైనా జవదాటి ఎరగదు. "పాఠం చెప్పింది మనం. మన పెట్టె అందరికీ ఆదర్శంగా ఉండాలి," అందావిడ. రత్నం టేకు చెక్క అడుగు వేయించి, ఒక బరువైన చెంచా పడేసి చూసింది. గంట ఖంగుమని మోగింది. మొత్తం భవనంలో అంత బాగా మోగే గంట లేదని వడ్రంగి కూడా ఒప్పుకున్నాడు.

ఆ గంట కింద వరండా బల్ల మీదే పైడమ్మ రోజూ కూర్చునేది.

పైడమ్మ రేవులో ఎండుచేపలు అమ్మే మనిషి. ఏడాది కిందట పొట్ట ఉబ్బుతుంటే గ్యాసన్నారు. గ్యాసు మాత్రలు మింగింది. ఈ వయసులో కడుపేమిటని ఇరుగుపొరుగు వేళాకోళం చేస్తే వాళ్లతో కలిసి తానూ నవ్వింది. పొట్టలో నీరు చేరాక గానీ అండాశయంలో కణితి అని తేలలేదు. ఆపరేషనయింది, మందులెక్కించారు, తగ్గింది, మళ్లీ వచ్చింది. పాత మందు ఇప్పుడు పట్టడం లేదు. సలోమి డాక్టరమ్మ వార్డులో ఒక కొత్త మందు మీద పరీక్ష నడుస్తోంది. అందులో చేరడానికి గడువు ఈ నెలాఖరు. ఆ లోగా పైడమ్మ కణితి ముక్క మీద ప్రయోగశాల రిపోర్టు రావాలి.

"అదేటి సూత్తారు పాపా, నా ముక్కలో?" అని అడిగింది పైడమ్మ. రత్నం ఆమెను పిన్నీ అని పిలిచేది. ఆమెతో మాట్లాడేటప్పుడు రత్నం నోట కూడా ఊరి మాటే వచ్చేది.

"ఆ కణాలకి తలుపు మీద పెట్టెలున్నాయో లేదో సూత్తాం పిన్నీ. ఈ కొత్త మందు పెట్టెలో పడాల. పడితే ఆ కణం సచ్చిపోద్ది."

"పెట్టెల్లేకపోతేనో?"

"ఈ మందు నీకు పన్జెయ్యదు. ఊరికే ఒళ్లు పాడవుద్ది."

"ఉంటే నిమ్మళించేత్తాదా?"

"ఖాయంగా సెప్పలేం పిన్నీ. ఇంకా పరీక్షలోనే ఉంది. కానీ అవకాశం ఉంటది."

"గేసు మాత్రలిచ్చినోడు ఖాయంగా సెప్పినాడమ్మా. నువ్వు సెప్పలేనంటన్నావు. నీ మాటే నయం," అంది పైడమ్మ.

ఇంతలో మొదటి విడత బిళ్లలు పడ్డాయి. విరమణ విభాగం విచారణ జరిపి తేల్చిన నిరుపయోగ విభాగాల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. అది ఆ సంస్థ చరిత్రలోనే అరుదైన సంగతి. స్వర్ణోత్సవ సంచిక సంఘం, అతిథిగృహ సుందరీకరణ మండలి, నవ్వు ఆగిపోయి రెండేళ్లయినా ఇంకా నడుస్తున్న నవ్వుల సమన్వయ విభాగం. మూడింటికీ బిళ్లలు వేశారు. సంస్థ యావత్తూ ఊపిరి బిగబట్టింది.

సుందరీకరణ మండలి తలుపు మీద పెట్టె లేదు. రంగు వేయడానికి తీశామన్నారు. ఏ రంగు వేయాలో తేల్చడానికి చిత్రకారులతో సంప్రదింపులు జరుగుతున్నాయి. నవ్వుల విభాగంలో గంట బాగానే మోగింది. అక్కడి సూపరింటెండెంట్ వెంటనే కాగితం తీసి, "అంతరించుట అనగా సంపూర్ణముగానా, పాక్షికముగానా, స్పష్టత కోరడమైనది" అని రాశాడు. జవాబు వచ్చింది. ఆ జవాబులోని సంపూర్ణమనే పదానికి మళ్లీ స్పష్టత కోరాడు. ప్రయోగశాలకు ఎదురుగా ఉన్న సంచిక సంఘం తలుపు మీద మాత్రం వార్నిష్ వేసిన రోజ్‌వుడ్ పెట్టె మెరిసిపోతోంది. బిళ్ల అందులో వేస్తే కింద వరండా మీద పడి దొర్లింది. మళ్లీ వేశారు, మళ్లీ దొర్లింది. ఊడ్చే మనిషి దాన్ని చెత్తతోపాటు ఎత్తేసింది.

లోపల త్రివిక్రమం గారు పేపరు చదువుకుంటున్నారు. "బిళ్ల మాకు అందలేదు. అందితే ఒక్క క్షణం ఉండం," అన్నారు, గుండె మీద చెయ్యి వేసుకుని.

రత్నం తలుపు సందులోంచి ఇదంతా చూసింది. తన సెమినార్ రెండో సగం ఆ వరండాలో పొల్లుపోకుండా అచ్చయి కనిపించింది. విన్నది ఒక్కడు. నేర్చుకున్నది ముగ్గురు.

నెలాఖరున పాలకమండలి వస్తోంది. విరమణలు ఎన్నని అడుగుతుంది. సున్నా అని చెప్పడానికి డైరెక్టర్ గారికి మనసొప్పలేదు. సమీక్ష సమావేశం పెట్టారు. ప్రయోగశాల తరఫున మంచినీళ్ల సీసా పక్కన రత్నం కూర్చుంది.

"విధానంలో లోపం లేదు సార్," అన్నాడు విరమణాధికారి. "లోపం స్వీకరణలో ఉంది. కొన్ని విభాగాల పేటికలు సాంకేతికంగా బిళ్లను నిలుపుకోలేకపోతున్నాయి. అటువంటి వాటికి బిళ్లలు వేయడం ప్రజాధనం దుర్వినియోగం."

"మరి?"

"పేటిక సక్రమంగా పనిచేసే విభాగాలకే వేస్తే సార్, నూటికి నూరు శాతం ఫలితాలొస్తాయి."

సమావేశం ఒక నిమిషం నిశ్శబ్దంగా ఆ మాటలోని అందాన్ని ఆస్వాదించింది. "మరి అవి ఉపయోగకరమైన విభాగాలయితే?" అని రత్నం లేచి అడిగింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

డైరెక్టర్ గారు దయగా నవ్వారు. "ఉపయోగం అనేది అభిప్రాయం అమ్మా. గంట అనేది వాస్తవం. పరిపాలన వాస్తవాల మీద నడవాలి."

మొదట రోగుల దుప్పట్లు ఉతికే విభాగం పోయింది. అక్కడి వాళ్లు గంట వినగానే ఆఖరి దుప్పటి ఇస్త్రీ చేసి, మడత పెట్టి, తలుపు వేసి వెళ్లారు. ఆ తర్వాత రోగుల వంటగది. ఆ తర్వాత రక్తనిధి. దుప్పట్లు ఇంటి నుంచి తెచ్చుకోవాలనీ, అన్నం కేరేజీలో తెచ్చుకోవాలనీ, రక్తం కావలసినవారు బంధువులను వెంటబెట్టుకుని రావాలనీ వరసగా బోర్డులు వెలిశాయి. ప్రతి విరమణకూ డైరెక్టర్ గారు ఒక అభినందన పత్రం పంపారు. అందుకోవడానికి ఎవరూ లేక అవి తిరిగొచ్చాయి. ఖాళీ అయిన గదులను పక్క విభాగాలు కలుపుకున్నాయి. పక్కన మిగిలినవి పెట్టెకు అడుగులేని విభాగాలే. సంచిక సంఘం దుప్పట్ల గదిలోకి, అక్కడి నుంచి వంటగదిలోకి పాకింది. తనకంటూ కొత్త నీటి పైపు, కొత్త కరెంటు లైను లాగించుకుంది. జిల్లాల్లోని చికిత్సా కేంద్రాల్లో సంచికకు వ్యాసాలు సేకరించడానికి శాఖలు తెరిచింది.

ఒక మంగళవారం పొద్దున ప్రయోగశాల గంట ఖంగుమని మోగింది. అంత చక్కగా మోగింది కాబట్టి వినలేదనడానికి వీల్లేకపోయింది.

డాక్టర్ హైమావతి కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది. "సరే. అట్టపెట్టెలు తెప్పించు," అంది.

"మేడమ్! రిపోర్టులు మధ్యలో ఉన్నాయి. పైడమ్మ కణితి ముక్కను మైనపు దిమ్మలో పెట్టాం, రంగు పట్టించాలి అంతే. నెలాఖరు గడువు..."

"ఎట్టి అభ్యర్థనలూ పెట్టక, అని ఉందమ్మా ఉత్తర్వులో."

"ఆ ఉత్తర్వు తప్పు మేడమ్."

"తప్పయితే పైవాళ్లు సరిదిద్దుతారు. తప్పని మనకు మనమే అనుకుని ఆగిపోతే మనకీ ఆ కణితికీ తేడా ఏముంది?" ఆవిడ ఒక అట్టపెట్టెను ముందుకు లాక్కుంది. సాయంత్రానికి గాజుపలకలన్నీ కాగితాల్లో చుట్టి, దిమ్మలన్నిటికీ చీటీలు అంటించి, బల్లలు తుడిచి, దీపాలార్పి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయింది. అంత మంచి కణాన్ని రత్నం పుస్తకాల్లో కూడా చూడలేదు.

మర్నాటికి ప్రయోగశాలకు సంచిక సంఘం తాళం, బోర్డు ఉన్నాయి. యాంటీబాడీ సీసాలున్న ఫ్రిజ్‌ను గుమాస్తాలు ఎదుటి తమ గదిలోకి ఈడ్చుకుపోయి మజ్జిగ ప్యాకెట్లు పెట్టుకున్నారు.

రత్నం డైరెక్టర్ గారి గదికి వెళ్లింది. "సార్, ఒక్క వారం తెరిపించండి. రోగులున్నారు."

"అమ్మా, నీ శాస్త్రం నువ్వే మరిచిపోతే ఎలా?" అన్నారాయన. "చచ్చిన కణం మళ్లీ లేస్తుందా?"

"లేవదు సార్. కానీ మేం కణాలం కాదు."

"ఆ మాట విధానం స్ఫూర్తికే విరుద్ధం. నేను నిన్ను ఎంత గొప్పగా చెబుతున్నానో తెలుసా అందరికీ? ఈ విధానానికి మాతృమూర్తివి నువ్వు. పాలకమండలి ముందు నీకు శాలువా కప్పిస్తాను."

"సార్, మీరు సెమినార్ సగంలో లేచి వెళ్లిపోయారు. రెండో సగం..."

"సగంలోనే అంతా అర్థమైందమ్మా," అన్నారాయన ఆప్యాయంగా. "అదీ నీ బోధన గొప్పతనం."

బయట బల్ల మీద పైడమ్మ ఉంది. పొట్ట మళ్లీ బిగుసుకుని, కూర్చోలేక ఒక పక్కకు ఒరిగి ఉంది. "ఏటయ్యింది పాపా? తాళమేసేసినారేటి?"

"మూసెయ్యమన్నారు పిన్నీ. మా మేడమ్ మూసేసినారు."

"ఎదురింటోళ్లకీ సెప్పినారన్నారు కదా, ఆల్లు ముయ్యలేదే?"

రత్నం వచ్చి ఆమె పక్కన బల్ల మీద కూలబడింది.

"అంతేనమ్మా," అంది పైడమ్మ. "మా రేవులోనూ ఇంతే. పాకలు తీసీమని కాగితవొచ్చినప్పుడు మంచోళ్లం తీసీసినాం. ఎదవలు ఆ జాగాలో డాబాలేసుకున్నారు." ఆయాసంతో కాసేపు ఆగింది. "నాను కూడా మంచిదాన్నే అనుకో. ఎల్లిపొమ్మంటే ఎల్లిపోతాను. కానీ ఒక్క పాలి అడిగి ఎల్తాను. నా ముక్క సూసినావేటి?"

రత్నం లేచింది. ఎదురుగా రోజ్‌వుడ్ పెట్టె మెరుస్తోంది. దాని కింద నిలబడి, బడిలో పక్క తరగతి పాఠం విన్నంత శ్రద్ధగా ఆ పెట్టెను చూసింది. తర్వాత తలుపు తట్టింది.

"రా అమ్మాయ్, రా! నా గురువువి నువ్వు," అని త్రివిక్రమం గారు కుర్చీ చూపించారు.

"మీ సంచికకు ముఖచిత్రం ఉందాండీ?"

ఆయన ముఖం నల్లబడింది. "ముఖచిత్రం ఎందుకు? ముఖచిత్రం తయారైతే అచ్చుకు పంపమంటారు. అచ్చయితే..." అని గదిని, ఫ్రిజ్‌ను, గుమాస్తాలను భయంగా చూశారు.

"తయారవదండీ. ముఖచిత్రాల ఉపసంఘం ఉంటే ఎప్పటికీ తయారవదు. మైక్రోస్కోపు కింద కణాల ఫోటోలు తీస్తాను. ఒక్కో రోగిదీ ఒక్కో ఫోటో. ఏది బాగుందో తేల్చాలంటే ఇంకా తీయాలి. రోగులు వస్తూనే ఉంటారు. మన పని ఎప్పటికీ పూర్తి కాదు."

త్రివిక్రమం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను ఇన్నేళ్ల సర్వీసులో ఎందరికో చెప్పాను, ఎవరికీ పట్టుబడలేదు," అన్నారు. "నీకు ఒక్కసారికే వచ్చేసింది. ఏం కావాలి?"

"మైక్రోస్కోపు, నా పాత బల్ల. ఫ్రిజ్‌లోంచి మజ్జిగ తీయించాలి."

"మజ్జిగ ఒక అరలో ఉండనీ," అన్నారాయన. "మరీ అంతా ఇచ్చేస్తే మనమూ ఆ రక్తనిధి వాళ్లమైపోతాం."

అలా ఆ మధ్యాహ్నం స్వర్ణోత్సవ సంచిక సంఘపు ముఖచిత్రాల ఉపసంఘం పుట్టింది. రత్నం ఒక్కతే సభ్యురాలు. పైడమ్మ మైనపు దిమ్మను పల్చటి పొరలుగా కోసి గాజుపలకల మీద పరిచింది. అసలు పెట్టెలకు అంటుకునే యాంటీబాడీ ఒక పలక మీద, ఉత్తుత్తి పెట్టెలకు అంటుకునేది ఇంకో పలక మీద వేసింది. గోధుమరంగు తేలితే పెట్టె ఉన్నట్టు. రంగు పట్టేదాకా ఆమె కిటికీ దగ్గర నిలబడింది. ఉత్తుత్తి పెట్టెల పలక మీద రంగు తేలకూడదని ఏ దేవుణ్ణి అడగాలో ఆమెకు తోచలేదు. ఆ పెట్టెల పక్షాన ఉన్న దేవుడు ఈ భవనంలో చాలా బలంగా ఉన్నాడు. తాను కూర్చున్నది కూడా ఆయన గుళ్లోనే.

మొదట ఉత్తుత్తి పెట్టెల పలక పెట్టి చూసింది. అక్కడక్కడ ఒక మరక, అంతకు మించి ఏమీ లేదు. అసలు పెట్టెల పలక పెట్టింది. ప్రతి కణం చుట్టూ గోధుమరంగు ఉంగరాలు, జాతరలో గాజుల కొట్టు తెరిచినట్టు. ఇంతకాలం పైడమ్మ కడుపులో మొండికేసి కూర్చున్న ఆ దొంగ కణాలకు కూడా అడుగున్న పెట్టెలు ఉన్నాయి. వేసే బిళ్ల వెయ్యాలి, అంతే. లోపల ఇంకో అడ్డంకి ఏదైనా ఉంటే అది మందు ఎక్కించాకే తెలుస్తుంది.

చిక్కల్లా రిపోర్టు దగ్గర వచ్చింది. లేని ప్రయోగశాల రిపోర్టు ఇవ్వలేదు. రత్నం ఫోటోను పెద్దది చేసి అచ్చు తీసి, కింద వ్యాఖ్య రాసింది. "ముఖచిత్రం, మొదటి నమూనా. పైడమ్మ అనే రోగి అండాశయ కణితి. అసలు మరణ గ్రాహకాలు దండిగా ఉన్నవి. ఉత్తుత్తి గ్రాహకాలు బహుస్వల్పం." కింద స్వర్ణోత్సవ సంచిక సంఘం ముద్ర వేయించి సలోమి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది.

డాక్టరమ్మ ముద్ర చూసింది, రత్నాన్ని చూసింది. ఏమీ అడగలేదు. అచ్చును ఫైల్లో పెట్టి, పైడమ్మ పేరు రాసుకుంది.

"మీ వార్డుకు బిళ్ల పడలేదా డాక్టర్ గారూ?" అని రత్నం అడిగింది.

"ఎక్కడ వేస్తారు? పెట్టె మందుల బీరువా వెనకాల ఉంది," అంది సలోమి, తల ఎత్తకుండానే. "ఆ రోజు నీ సెమినార్‌లో తలుపు బయట నిలబడి చివరిదాకా విన్నాన్లే. నేను వచ్చేసరికి లోపల కుర్చీలన్నీ సమోసాల వాళ్లవే."

పాలకమండలి వచ్చింది. విరమణలు నూటికి నూరు శాతం అని తెలిసి చప్పట్లు కొట్టింది. "సంకేతం అందిన ప్రతి విభాగమూ అంతరించింది. కనుక ఇప్పుడు మిగిలినవన్నీ ఆరోగ్యకరమైన విభాగాలే," అని డైరెక్టర్ గారు వివరించారు. కేన్సర్ ఆసుపత్రిలో ఇంత ఆరోగ్యం తామెక్కడా చూడలేదని మండలి అధ్యక్షుడు మెచ్చుకున్నాడు. రత్నానికి శాలువా కప్పారు. ముఖచిత్రం నమూనా ఎవరికి నచ్చిందో గానీ నచ్చింది. దానికి పటం కట్టించి పోర్టికోలో తగిలించి, చామంతి దండ వేశారు.

కొత్త మందు మొదటి విడత ఎక్కించుకోవడానికి వస్తూ పైడమ్మ ఆ పటం ముందు ఆగింది. ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి చంకలో ఉంది.

"ఏటిది పాపా, సిత్రంగున్నాది?"

"నీ కణితే పిన్నీ. అయిగో, ఆ ఉంగరాలే పెట్టెలు."

పైడమ్మ కళ్లు చికిలించి చూసింది. "ఓలమ్మో, నాదేటి! ఇంతందంగా ఉండి ఇంత ఇసం కక్కుతన్నాదా?" అంది. తర్వాత మొహం చిట్లించింది. "మరి దండెందుకేసినారు? బతికున్నోళ్ల బొమ్మకి దండేత్తారేటి ఎక్కడైనా? తియ్యి ముందు, తీసీ!"

రత్నం చుట్టూ చూసి దండ తీసేసింది. పైడమ్మ దానిలోంచి ఒక పువ్వు తెంపి కొప్పులో పెట్టుకుని వార్డులోకి నడిచింది. సూదికి భయం లేదు గానీ చెయ్యి పట్టుకోమంది. సీసాలోంచి మందు చుక్కలు చుక్కలుగా దిగుతూ ఉంటే ఆమె నిద్రపోయేదాకా రత్నం పక్కనే కూర్చుంది.

తిరిగొచ్చేసరికి ముఖచిత్రాల ఉపసంఘం తలుపు మీద వడ్రంగి కొత్త పెట్టె బిగిస్తున్నాడు. పాలకమండలి ఉత్సాహపరచడంతో విధానాన్ని ఉపసంఘాలకు కూడా విస్తరించారు. "మీ పాత పెట్టెదే టేకు అడుగు, దాచి ఉంచానమ్మా. మీరు పద్ధతి మనిషి కదా," అని అతను ఒక బిళ్ల వేసి చూపించాడు. గంట ఖంగుమంది. "మళ్లీ భవనం మొత్తానికి మీదే మంచి గంట."

"బాగుంది," అంది రత్నం. "స్క్రూడ్రైవర్ ఒకసారి ఇచ్చి వెళ్తావా?"

ఆమె పని నిదానంగా చేసింది. స్క్రూలు గట్టిగా పట్టి ఉన్నాయి, పాత పెట్టెకు తను వేయించినవే. నాలుగూ ఊడొచ్చాక టేకు పలక చేతిలోకి వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి, మైక్రోస్కోపు కింద ఎత్తుకు సర్దుకుంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది.

మూడో రోజున వరండాలో ఇత్తడి బిళ్ల ఒకటి పడి, దొర్లి, మెట్ల దగ్గర ఆగింది. ఊడ్చే మనిషి దాన్ని చెత్తలోకి తోసింది. లోపల ఏ గంటా మోగలేదు. రత్నం తల ఎత్తలేదు. పలక మీద ఇంకొకామె కణాలున్నాయి. ఆమె వాటి మధ్య అడుగున్న పెట్టెల కోసం వెతుకుతోంది.